ఏడు నొక్కులు

ముందే ఒప్పేసుకుంటాను. తన చెవి పోయిందని మా తాత రెండు రోజులు నమ్మాడు. ఆ చెవికి ఏమీ కాలేదని ఆ రెండు రోజులూ తెలిసిన మనిషి ఒక్కతే ఉంది. అది నేనే. నోరు విప్పలేదు.

ఇంకా సిగ్గుచేటైన సంగతి నా వృత్తి. బెంగళూరులో మూడేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా పనిచేశాను. ఎవరైనా ఒక సెట్టింగ్ మార్చి, దాన్ని మళ్లీ మామూలుగా పెట్టకుండా వెళ్లిపోతే, పేరుతో సహా పట్టుకుని రిపోర్టు రాసేదాన్ని. అలా రాయడానికే జీతం ఇచ్చేవాళ్లు. జనవరిలో మా టీము మొత్తాన్ని ఒక్క మీటింగులో ఇళ్లకి పంపేశారు. రెండు సూట్‌కేసులు, మొదటి జీతంతో కొనుక్కున్న కీబోర్డు పట్టుకుని పాతలంక క్యాంపుకి వచ్చేశాను.

రాయచూరు జిల్లాలో, మాన్వి నుంచి ఆటోలో ముప్పావుగంట. తుంగభద్ర కాలువ కింద వరి పండిద్దామని కోస్తా నుంచి వచ్చి క్యాంపు వేసుకున్నవాళ్లు వస్తూ వస్తూ ఊరి పేరు కూడా మూట కట్టుకొచ్చారు. చుట్టుపక్కల ఎక్కడా లంక లేదు, రేగడి నేల, రాళ్ల గుట్టలు. ఆ ఏడు రెండో పంటకి కాలువ వదల్లేదు. నీళ్లు లేని కాలువ, పని లేని క్యాంపు, ఉద్యోగం లేని నేను. ఒకళ్లనొకళ్లు చూసుకోవడం తప్ప ఎవరికీ పని లేదు.

అదే జనవరిలో తాతకి పక్షవాతం వచ్చింది. మాట తిరిగొచ్చింది, నడక తిరిగొచ్చింది. ఎడమచెయ్యి మాత్రం రాలేదు. కుడిచెయ్యి శుభ్రంగా ఉంది కదా అని అందరూ ఊరడించారు. కానీ మా తాత పిచ్చయ్య హార్మోనియం మనిషి. హార్మోనియంకి ఊపిరి ఎడమచేతిలోనే ఉంటుంది. అది వెనక తిత్తి ఊదకపోతే కుడిచేతి వేళ్లు ఎంత పరుగెత్తినా బల్ల మీద పరుగెత్తినట్టే.

శ్రీరామనవమికి ముందు మా క్యాంపులో ఏకాహం చేస్తారు. ఒక పొద్దుపొడుపు నుంచి మర్నాటి పొద్దుపొడుపు దాకా రామనామం ఆగకూడదు. జట్లు మారతాయి, పక్క క్యాంపుల నుంచి కూడా వస్తారు, కానీ శబ్దం తెగకూడదు. తెగితే దీపం మళ్లీ వెలిగించి గంటలు మొదటినుంచి లెక్కపెట్టుకోవాల్సిందే. అందుకని హార్మోనియం ముందు కూర్చున్నవాడు వేలెత్తి లేచిపోవడానికి లేదు. తరవాతివాడు పక్కన చేరి అదే మెట్టు మీద తన వేలు ఆనించాలి, అప్పుడు ముందువాడు తన వేలు తీసుకోవాలి. దాన్ని చెయ్యి మార్చడం అంటారు. మా క్యాంపు వంతు పొద్దున పది నుంచి రెండు దాకా. పన్నెండు వరకు మగవాళ్లు, ఒకటో శ్రుతిలో. తరవాత ఆడవాళ్లు, పైన ఐదో శ్రుతిలో. నలభై ఏళ్లుగా ఆ నాలుగు గంటలూ తాతవే.

ఫిబ్రవరి చివర కమిటీ అధ్యక్షుడు రమేష్‌బాబు మా వసారాలో కూర్చుని, మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు.

"బాధపడకండి బాబాయ్. ఇందులో శ్రుతి ఎక్కించాను. నాలుగ్గంటలు కాదు, నలభై గంటలైనా మోగుద్ది. ఆగదు, అలిసిపోదు, టీ అడగదు."

తాత దాన్ని వేళ్ల మధ్య పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. "నామం కూడా ఇందులోనే ఎక్కించెయ్యకపోయావా? అందరం ఇళ్లల్లో పడుకుందుం."

"అది కాదు బాబాయ్..."

"రాముణ్ణి కూడా ఎక్కించెయ్. పూజారి ఖర్చు కలిసొస్తది."

"మీరలా అంటే నేనేం చెప్పను? మీ వంతుకి ఒక మనిషిని చూపించండి. ఇది నా జేబులోంచి బయటికి తీస్తే అడగండి. నెలరోజుల పైనే టైముంది."

ఆ పూట తాత అన్నం సగంలో లేచాడు. హార్మోనియం పెట్టెని కాలితో మంచం కిందికి తోశాడు. కాలితో. మా నాయనమ్మ బుల్లెమ్మ అది చూసి, నోరు తెరిచి, మళ్లీ మూసేసుకుంది. నోరు తెరిచాక మూసుకోవడం మా నాయనమ్మ చరిత్రలో లేదు.

నేను కీబోర్డు తెచ్చి ఆయన ముందు పెట్టాను.

"దీనికి తిత్తి ఉండదు తాతా. ఒక్క చెయ్యి చాలు. పైగా నీ హార్మోనియంలా ఎండకి శ్రుతి దిగదు. ఇది యంత్రం. ఎప్పటికీ తప్పు పలకదు."

ఆ చివరి మాట గుర్తుంచుకోండి. తరవాత నాకు బాగా గుచ్చుకుంది.

తాత చూపుడువేలుతో ఒక మెట్టు మెల్లిగా నొక్కాడు. తరవాత గట్టిగా. తరవాత గుద్దాడు. మూడుసార్లూ ఒకటే శబ్దం.

"ఇదేంటే, ఆఫీసు గుమాస్తాలాగుంది? బతిమాలినా అదే మాట, తిట్టినా అదే మాట."

ఇక్కడ ఒక చిన్న ఒప్పుకోలు. టచ్ అనే సెట్టింగుని కొన్న వారానికే నేను ఆపేశాను. అది ఉంటే వేలు పడిన బలాన్నిబట్టి శబ్దం వస్తుంది. నా బొటనవేలు మొరటు, ఉంగరంవేలు పిరికి. టచ్ ఉంటే ఆ సంగతి ఊరందరికీ తెలుస్తుంది. ఆపేస్తే అయిదు వేళ్లూ ఒకటే. నేను వీడియోలు చూసి నేర్చుకున్న సంగీతమంతా ఆ సమానత్వం మీద నిలబడింది.

మెనూలోకి వెళ్లి టచ్ పెట్టాను. తాత మళ్లీ నొక్కాడు. ఈసారి 'స' గుసగుసలాడింది. ఇంకో వేలు వేశాడు, 'రి' కొంచెం గొంతు విప్పింది. ఆయన కనుబొమ్మలు పైకి లేచాయి.

"పర్లేదు, చర్మం ఉంది దీనికి." వేలు తియ్యకుండా అలాగే పట్టుకుని విన్నాడు. "కానీ నొక్కాక ఇంక మనిషి లేడు. పెరగడు, తరగడు. ఊపిరేదే?"

కీబోర్డుకి ఎడమవైపు మూలన శబ్దం పెంచే గుండ్రటి గుండీ ఉంది. ఆయన 'స' పట్టుకుని ఉండగా నేను దాన్ని మెల్లిగా పైకి తిప్పి, మెల్లిగా కిందికి తెచ్చాను. శబ్దం ఉబ్బి, తగ్గింది. తిత్తి ఊదినట్టే.

తాత నావైపు తిరగలేదు. "ఇంకోసారి," అన్నాడు.

అలా నేను మా తాతకి ఎడమచెయ్యినయ్యాను. పది రోజులు మెట్లు ముట్టుకోనివ్వలేదు. గుండీ ఒక్కటే. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు, తాత వాయిస్తే నాయనమ్మ నామం పాడేది. డోలక్ వాయించే ఈరప్ప పక్క ఊరి నుంచి సైకిలు మీద వచ్చేవాడు. కన్నడ మనిషి, తాతని అజ్జా అంటాడు, నన్ను చెల్లీ అన్నట్టు తంగీ అంటాడు. నన్ను చూసి మొదటిరోజే పగలబడి నవ్వాడు.

"ఏంది తంగీ, బెంగుళూర్ల ఇంజినీరు చేసి, గిట్ల గుండీ తిప్పుతున్నవ్?"

"అక్కడా ఇదే పని ఈరప్పన్నా. ఇక్కడ కనీసం శబ్దం వస్తుంది."

తేలికనుకున్నాను. పాట మొదట్లో తగ్గించి, చివర్లో పెంచితే భావం వచ్చేసినట్టేనని నా లెక్క. తాత వాయించడం ఆపి నా మణికట్టు మీద ఒక్కటి వేశాడు.

"పెళ్లి బ్యాండనుకున్నావా? పాడేవాళ్లని చూడు. మీ నాయనమ్మ భుజాలు చూడు. భుజం దిగిందంటే ఊపిరి అయిపోతందని. అప్పుడు నువ్వు పెంచు, ఆవిడ గాలి పీల్చుకునేదాకా శబ్దాన్ని నువ్వు మొయ్యి. ఆవిడ మళ్లీ ఎత్తుకోగానే నువ్వు పక్కకి తప్పుకో. నువ్వున్నట్టు ఎవరికీ తెలియకూడదు. తెలిసిందంటే నువ్వు ఆలస్యంగా వచ్చావని."

ఇరవయ్యారేళ్లుగా ఆవిణ్ణి చూస్తున్నాను గానీ, నాయనమ్మ ఊపిరి పీల్చుకోవడం అప్పుడే చూశాను. వాక్యం మధ్యలో పీల్చదు. చివర్న కూడా పీల్చదు. చివరి అక్షరానికి ముందు దొంగతనంగా ఒక గుక్క పీల్చుకుని, ఆ అక్షరాన్ని దర్జాగా ముగిస్తుంది. తిట్టేప్పుడు కూడా అంతే. అందుకే తాతకి సందు దొరకదు.

పదకొండో రోజున తాత అన్నాడు. "డాక్టరు రెండు గంటలకి మించి కూర్చోవద్దన్నాడు. మగాళ్ల జట్టుకి నేను వాయిస్తాను. పన్నెండింటికి నువ్వు చెయ్యి మార్చుకో. ఐదో శ్రుతిలో వచ్చా నీకు?"

"వచ్చు తాతా," అన్నాను.

రాదు. నాకు వచ్చింది ఒక్క ఒకటో శ్రుతే, అన్నీ తెల్లమెట్లు. మిగతా పదకొండు శ్రుతులూ ట్రాన్స్‌పోజ్ మీట వాయించేది. ప్లస్ గుర్తు మీద ఏడుసార్లు నొక్కితే చాలు, నల్లవీ తెల్లవీ కలిపి ఏడు మెట్లు పైకి జరిగినట్టు. ఒకటి మీద వేసిన వేలు ఐదై మోగుతుంది. చెయ్యి కదలదు, పాట మాత్రం మేడ ఎక్కి కూర్చుంటుంది. తాత మధ్యాహ్నం కునుకు తీసేప్పుడు తలుపు వేసుకుని ఏడుసార్లు నొక్కి సాధన చేసేదాన్ని. వంటింట్లోంచి నాయనమ్మ వినేది. వారానికల్లా క్యాంపంతా చాటేసింది. "మా శ్రావ్య ఐదు పట్టేసిందమ్మా. ఆయనకి పట్టడానికి రెండేళ్లు పట్టింది. దీనికి వారం."

పన్నెండింటికి చెయ్యి మార్చేప్పుడు, తాత వేలు కిందే ఉండగా ఆ మీట ఏడుసార్లు ఎలా నొక్కుతాను? నొక్కితే ఆయన శ్రుతి కూడా మారిపోతుంది కదా? ఏ టెస్టరైనా మొదట అడగాల్సిన ప్రశ్న. నేను అడగలేదు.

ఒకరోజు మధ్యాహ్నం ఫోన్లో ఇంటర్వ్యూ ఉంది. ఇంట్లో సిగ్నల్ రాదు, కాలువ వంతెన మీద వస్తుంది. సాధన మధ్యలో లేచి పరుగెత్తాను. ఎండిన కాలువ మీద నిలబడి గంటన్నర మాట్లాడాను. మీ బలహీనత ఏమిటని అవతలాయన అడిగాడు. చిన్న చిన్న వివరాల మీద మరీ శ్రద్ధ అండీ, అన్నాను.

తిరిగొచ్చేసరికి తాత గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నాయనమ్మ వసారాలో చేట ముందు పెట్టుకుని ఊరికే కూర్చుంది.

"ఏమైంది?"

"ఏమోనే. నిద్ర లేచి నీ పెట్టె ముందు కూర్చున్నారు. ఒకటి నొక్కి, ఇది ఒకటేనా బుల్లెమ్మా అనడిగారు. నాకేం తెలుసండీ, నలభై ఏళ్ల నుంచి మీరిచ్చిందే నాకు శ్రుతి అన్నాను. ఇంకో నాలుగుసార్లు నొక్కారు. లేచెళ్లి పడుకున్నారు."

గదిలోకి వెళ్లాను. కీబోర్డు నేను వదిలేసినట్టే ఉంది. చిన్న తెర మీద 7 అంకె వెలుగుతోంది.

తాత మంచం అక్కడికి పన్నెండు అడుగులు. నేను చెయ్యి చాపి కీబోర్డు ఆఫ్ చేశాను. మళ్లీ ఆన్ చేస్తే ఆ అంకె సున్నా అయిపోతుంది. సాక్ష్యం కూడా మిగలదు.

అప్పుడు వెళ్లి మంచం పట్టె మీద కూర్చున్నాను. తాత గోడతోనే మాట్లాడాడు.

"చెవి కూడా పోయిందే అమ్మాయ్. ఒకటి మీద వేలేస్తే ఐదు వినపడతంది."

"యంత్రం తప్పేమో తాతా."

"యంత్రం తప్పు పలకదని నువ్వేగా చెప్పావు."

ఆ క్షణంలో చెప్పెయ్యొచ్చు. అన్నం తిన్నాక చెబుదామనుకున్నాను. తిన్నాక, పొద్దున్నే చెబుదామనుకున్నాను. ఒక పూట గడిచాక చెప్పడం రెట్టింపు కష్టం. అప్పుడు రెండు తప్పులు ఒప్పుకోవాలి. పైగా ఐదో శ్రుతి రాదని కూడా చెప్పాలి. అలా అది మూడైంది. నాయనమ్మ క్యాంపంతా చాటిన సంగతి కలిపితే నాలుగు.

మర్నాడు తాత రాగిచెంబు మీద చెంచాతో కొట్టి, తల పక్కకి వాల్చి విన్నాడు. కొంచెం నీళ్లు పోసి మళ్లీ కొట్టాడు. చెంబు మారిందో, చెవి మారిందో తేల్చుకోలేక పక్కన పెట్టేశాడు. సాయంత్రం ఈరప్ప వస్తే డోలక్ సంచీలోంచి తియ్యనివ్వలేదు.

"ఏంది అజ్జా, నవమి దగ్గరకొచ్చె. సాధన లేదా?"

"నువ్వెళ్లేప్పుడు రమేష్‌బాబు ఇంటిమీదుగా వెళ్లు ఈరప్పా. పెన్‌డ్రైవే కానిమ్మన్నానని చెప్పు."

ఈరప్ప నా మొహం చూశాడు. నేను చెంబు తీసుకుని లోపలికి పోయాను.

ఆ రోజే నాన్నకి ఫోన్ వెళ్లింది. నాన్న యరమరస్ కరెంటు ప్లాంటులో షిఫ్టు మనిషి. సెలవు పెట్టి అమ్మతో కలిసి వచ్చేశాడు. మళ్లీ పక్షవాతమేమో, చెవి వైపుకి వచ్చిందేమో అని రాయచూరులో స్కానింగుకి మాట్లాడాడు. మూడోరోజు తెల్లారేసరికి కారు వాకిట్లో ఉంది. అమ్మ ఇడ్లీలు డబ్బాలో సర్దుతోంది. నాన్న తాతకి చొక్కా తొడుగుతున్నాడు. పడిపోయిన చేతిని ముందు చొక్కా చేతిలో దూర్చాలి. తాత చిన్నపిల్లాడిలా తల వంచుకుని ఇచ్చాడు.

నాన్న కారులో నీళ్ల సీసా పెట్టడానికి వెళ్లాడు. నేను కీబోర్డు తెచ్చి మంచం మీద పెట్టి ఆన్ చేశాను.

"ఇప్పుడెందుకే అది?"

"ఒక్కసారి తాతా. కళ్లు మూసుకో. ఇదేంటి?"

నొక్కాను. ఆయన కళ్లు మూసుకున్నాడు. "ఒకటి."

ప్లస్ మీద ఏడుసార్లు నొక్కాను. గదిలో ఆ టకటకలు తప్ప ఏ శబ్దమూ లేదు. మళ్లీ అదే మెట్టు మీద వేలేశాను.

"ఇదో?"

"ఐదు."

"కళ్లు తెరువు. వేలు చూడు."

చూశాడు. ఒకటి మీద ఉంది. నా వేలు చూశాడు, మీట చూశాడు, తెర మీద 7 చూశాడు. నా మొహం చూడలేదు.

"అది నేనే వదిలేశాను తాతా మొన్న. నాకు ఐదో శ్రుతి రాదు. ఈ మీటతోనే..."

చెయ్యి ఎత్తి ఆపమన్నాడు. "తీసెయ్."

మైనస్ మీద ఏడుసార్లు నొక్కాను. తాత తన చూపుడువేలు వేశాడు. ఒకటి ఒకటిగానే మోగింది. ఎంతసేపు పట్టుకున్నాడో తెలీదు. నేను గుండీ ముట్టుకోలేదు. ఆయన భుజం ఒక్కసారి లేచి, దిగింది.

నాన్న లోపలికి వచ్చాడు. "వెళ్దామా నాన్నా?"

"బండి పంపించెయ్ రా వీరబాబూ. చెవిలో గుబిలి. ఇప్పుడే ఊడొచ్చింది."

"గుబిలా?"

"గుబిలి కాకపోతే బంగారమా? పంపించెయ్."

నాయనమ్మ పరుగెత్తుకొచ్చింది. "నేనంటానే ఉన్నా, గుబిలే అయ్యుంటదని." అనలేదు. అయినా వైద్యం మొదలుపెట్టింది. వారం రోజులు, రోజుకి రెండుసార్లు, వెల్లుల్లి వేసి కాచిన నూనె రెండు చెవుల్లోనూ. తల పక్కకి వాల్చి, చెవినిండా నూనెతో, తాత నన్నే చూస్తూ పడుకునేవాడు. ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

బండి పంపించేసిన ఆ సాయంత్రమే తాత తన మందుల డబ్బాలోంచి కట్టు కట్టే ప్లాస్టరు తెప్పించి, ట్రాన్స్‌పోజ్ మీట మీద రెండు పొరలు అంటించాడు. బొటనవేలితో గట్టిగా రుద్దాడు. పెన్‌డ్రైవ్ మాట వెనక్కి తీసుకున్నానని ఈరప్పతోనే రమేష్‌బాబుకి కబురు పంపాడు.

"ఇప్పుడు వాయించు. ఐదు."

నవమికి పదిహేడు రోజులున్నాయి. బోర్లించిన నా కుడిచేతి మీద ఒక తమలపాకు పెట్టాడు. అది పడకుండా కిందికీ పైకీ నడవాలి. బొటనవేలు మధ్యవేలి కిందనుంచి దూరేప్పుడు చెయ్యి ఎగురుతుంది, ఆకు పడుతుంది. "చేపపిల్ల వల కిందనుంచి జారినట్టు పోవాలే. నీ వేలు గట్టు దూకిన గేదెలాగుంది." నల్లమెట్టు మీద 'ని' వచ్చినప్పుడల్లా నా ఉంగరంవేలు భయపడి సగమే నొక్కేది. టచ్ ఆన్‌లో ఉంది కదా, ఆ భయం స్పష్టంగా వినపడేది. ఆ ఒక్క వేలికి రోజుకి మూడొందలసార్లు శిక్ష. కాళ్లు తిమ్మిరెక్కేవి, పడ్డ ఆకు పక్కకి పోయేది, కొత్త ఆకు వచ్చేది. సాధనయ్యాక ఆకులన్నీ నాయనమ్మ నమిలేది. "ఇవాళ పదకొండా? నిన్న ఇరవై," అనేది. నా అభివృద్ధికి అదే రిపోర్టు.

ఉద్యోగంలో కూడా నేనంత పట్టుగా పనిచెయ్యలేదు. వంతెన మీదనుంచి రెండో ఇంటర్వ్యూ వాయిదా వేయించుకున్నాను. కారణం అడిగితే మా ఆఫీసు భాషలోనే, ఇంట్లో ఒక రిలీజ్ ఉందండీ అన్నాను.

ఆకు పడని మొదటిరోజు తాత ఏమీ మెచ్చుకోలేదు. చెయ్యి మార్చడం చూపించాడు.

"పన్నెండవుతుండగా నేను నా పంచమం మీదికి వచ్చి ఆగుతాను. నువ్వు దానిమీదే వేలు పెట్టు. నాకు అది 'ప'. మీ నాయనమ్మకి అదే 'స'. కొత్తగా ఎక్కడికీ ఎగరక్కర్లేదు, నేను ఆగిన చోటే ఆవిడ మొదలవుద్ది. ఇన్నాళ్లూ నేను ఒక్కణ్ణే వాయించా కాబట్టి ఎవరికీ తెలీదు గానీ, అక్కడ గోడ లేదు."

ఆ మీట మీద నేను ఏడుసార్లు నొక్కి దాటిన దూరం అదే. ఒక వేలు పక్కన ఇంకో వేలు పెడితే సరిపోయేది.

ఏకాహం రోజు పది గంటలకి పక్క క్యాంపు ఆయన హార్మోనియం మీద పట్టుకున్న శ్రుతినే తాత కీబోర్డు మీద అందుకుని చెయ్యి మార్చుకున్నాడు. అంతకుముందే కీబోర్డు వైరు గుడి మైకు పెట్టెలో గుచ్చాను. పెన్‌డ్రైవ్ కూడా దానికే గుచ్చి, ఎందుకైనా మంచిదని రమేష్‌బాబు పక్కనే కుర్చీ వేసుకున్నాడు. తాత వాయించాడు, నేను గుండీ తిప్పాను. మగవాళ్ల భుజాలు దిగినప్పుడల్లా శబ్దాన్ని మోశాను. ఒక్కరూ మావైపు చూడలేదు. చూడలేదంటే బాగా చేస్తున్నామని.

పన్నెండుకి రెండు నిమిషాలుందనగా తాత వేళ్లు పైకి నడిచి పంచమం మీద ఆగాయి. ఆడవాళ్లు వచ్చి కూర్చున్నారు, నాయనమ్మ ముందు వరసలో. నేను తాతకి కుడివైపుకి జరిగాను. ఆయన వేలు పక్కన నా వేలు ఆనించాను. ఒకే మెట్టు మీద ఇద్దరి వేళ్లు, ముడతలది ఒకటి, చెమట పట్టింది ఒకటి. ఆయన తన వేలు తీసుకున్నాడు. శబ్దం తెగలేదు. నాయనమ్మ ఎత్తుకుంది.

కుడిచేత్తో మెట్లు, ఎడమచేత్తో గుండీ, పది నిమిషాలు బాగానే నడిచింది. తరవాత కరెంటు పోయింది.

మా నాన్నతో సహా సగం జిల్లా కరెంటు తయారుచేస్తుంది. మిగతా సగం దానికోసం ఎదురుచూస్తుంది. ఫ్యాన్లు ఆగాయి, మైకు చచ్చింది, పెన్‌డ్రైవ్ దీపం ఆరింది. జనరేటరు దగ్గరికి ఎవరో పరుగెత్తారు. నా కీబోర్డు ఆగలేదు. ముందురోజే ఆరు లావు బ్యాటరీలు వేసి పెట్టాను. ఆ మాత్రం టెస్టింగు చేశాను. కానీ మైకు లేని నా కీబోర్డు శబ్దం ఎంత చిన్నదో అప్పుడే తెలిసింది. అంత పెద్ద గుడిలో ఒక తుమ్మెద.

ఈరప్ప గబుక్కున డోలక్‌ని అరచేత్తో మూసి మెత్తబరిచాడు. నాయనమ్మ నాకేసి చూసి గొంతు తగ్గించింది, ఆమెను చూసి అందరూ తగ్గించారు. నేను వినపడాలని ముప్ఫైమంది ఆడవాళ్లు గొంతు దించారు. ఇప్పుడు నా ఉంగరంవేలు ప్రతిసారీ అందరికీ వినపడుతుంది. పిరికితనం కూడా. నల్లమెట్టు వచ్చింది. పూర్తిగా నొక్కాను. మళ్లీ వచ్చింది. మళ్లీ నొక్కాను.

వేళ్ల ధ్యాసలో గుండీ సంగతే మర్చిపోయాను. నాయనమ్మ భుజం దిగింది. అయిపోయింది, తెగుతుంది అనుకున్నాను.

శబ్దం ఉబ్బింది. ఆమె గుక్క పీల్చుకుని ఎత్తుకోగానే పక్కకి తప్పుకుంది. నా ఎడమపక్కన తాత కుడిచెయ్యి గుండీ మీద ఉంది. నేను అటు తిరగలేదు. తిరిగితే వేలు తప్పేది.

కరెంటు పావుగంటకి వచ్చింది. తాత చెయ్యి మధ్యాహ్నం రెండయ్యేదాకా అక్కడే ఉంది. తరవాత నాన్న కోప్పడితే, "వాయించింది రెండు గంటలేరా. మిగతాది తిత్తేగా," అన్నాడు.

మా వంతు అయ్యాక రమేష్‌బాబు ఆ బ్యాటరీలు ఏ సైజువని నన్ను అడుగుతున్నాడు. ఈరప్ప డోలక్ సంచీలో పెట్టుకుంటూ అందుకున్నాడు.

"అధ్యక్షరే, మీ పెన్‌డ్రైవు చాయ్ అడగదంటిరి గద. కరెంటు అడుగుతదని జెప్పలే."

మే నెలలో నాకు ఉద్యోగం వచ్చింది. బెంగళూరుకి రెండు సూట్‌కేసులతోనే వెళ్లాను. కీబోర్డు ఇంట్లోనే ఉంది. ఇప్పుడు పొద్దున్నే మా నాయనమ్మ గుండీ దగ్గర కూర్చుంటుంది, తాత వాయిస్తాడు. ఊపిరి ఎప్పుడు ఇవ్వాలో ఆవిడకి ఎవరూ నేర్పక్కర్లేదు. కాకపోతే మధ్యలో తిడుతుంది. పండక్కి వెళ్లినప్పుడు చూశాను, మీట మీద ప్లాస్టరు అంచులు నల్లబడి అలాగే ఉంది. అది ఎందుకుందో నాయనమ్మకి తెలీదు. అక్కడ షాక్ కొడుతుందని తాత చెప్పాడట. గుబిలి సంగతి కూడా ఆవిడ ఇంకా నమ్ముతోంది. ఇది అచ్చయి ఆవిడ చేతికి అందేదాకా నమ్ముతుంది. అందాక నా చెవుల్లో ఏ నూనె పోస్తుందో చూడాలి.

నాది రెండు రోజులు. చెప్పడానికి పన్నెండు అడుగులు, ఏడు నొక్కులు పట్టింది. మీకూ అలాంటిదొకటి ఉండే ఉంటుంది, చేతిలో నిజం పెట్టుకుని ఎవరినో గోడవైపు తిరిగి పడుకోనిచ్చిన రోజు. రాయండి. ఎన్నాళ్లు ఆగారో దాచకుండా రాయండి. వాళ్లు మీ కోసం ఏ గుబిలి కథ అల్లారో అది కూడా రాయండి. నాకు అదే ఎక్కువ వినాలనుంది.